బావగారి జంట సైకిల్‌కి లావు స్పోకులు

పండితుడికి పిలుపు

ఖరగ్‌పూర్ వెళ్ళొచ్చానని చెప్పగానే మా విజయనగరంలో అందరూ అడిగేది ఒకటే మాట. "ఆ పొడుగు ప్లాట్‌ఫారం చూశావా?" చూశాను. నా బోగీ ఆ చివరాఖరున ఆగింది. బయటికి వెళ్ళే దారి ఈ చివర ఉంది. నా శరీరం క్వింటాలు దాటి చాలా కాలమైంది. కాబట్టి ఆ ప్లాట్‌ఫారాన్ని నేను చూసినంత నిదానంగా ఇంకెవరూ చూసి ఉండరు.

నేను వెళ్ళింది మాత్రం సైకిల్ స్పోకుల పని మీద. నాకొక మందుల దుకాణం ఉంది. మా దుకాణానికి చీటీలు రాసి పంపే డాక్టరుగారే ఒకరోజు నన్ను ఎగాదిగా చూసి, సైకిల్ తొక్కమన్నారు. కొన్నాను. నేనెక్కిన వారానికే వెనక చక్రం స్పోకు తెగింది. వేయించాను, ఇంకోటి తెగింది. తెగినప్పుడల్లా ఎందుకు తెగిందో తెలుసుకోవడానికి ఫోనులో వీడియోలు చూసేవాణ్ణి. క్రమంగా తొక్కడం తగ్గి, చూడడం పెరిగింది. చివరికి అసలు తొక్కకుండానే చక్రాల విషయంలో నిపుణుణ్ణయిపోయాను. పెళ్ళిళ్ళలో, తద్దినాల్లో, ఎవరు దొరికితే వాళ్ళకి చక్రం గురించి ఉపన్యాసమిచ్చేవాణ్ణి.

అలా ఒకసారి ఫోనులో దొరికినవాడు సింహాచలం బావ. మా పెద్దమ్మ కూతురు రమణక్క భర్త. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పెయింటరుగా చేసి రిటైరయ్యాడు. బోగీల మీద అక్షరాలూ నంబర్లూ రాయడం ఆయన పని. రిటైరైన తర్వాత కళ్ళకి నీటికాసుల జబ్బు ముదిరి, చూపు పూర్తిగా పోయింది. అప్పట్నుంచీ ఇంటిపట్టునే ఉంటున్నాడు. ఆ బావ ఒక ఉదయం ఫోను చేశాడు.

"సూరీ, రెండు సీట్ల సైకిలొకటి దొరికినాదిరా. హిజ్లీ క్యాంపస్‌లో ఒక ప్రొఫెసరు గారు రెండు సైకిళ్ళు అతికించి సేయించుకున్నారట. ఊరొదిలి ఎలిపోతా నాకిచ్చీసినారు. ముందు కూసున్నోడికి కళ్ళుంటే సాలు, ఎనకోడికి అక్కర్లేదు. గానీ ఎదురింటి లావుపాటి కుర్రోడితో ఎక్కితే ఎనక చక్రం చువ్వలు పుటుక్కు పుటుక్కుమని తెగిపోతన్నాయి. నువ్వు చక్రాల పండితుడివి కదా, ఓపాలి రా."

పండితుడన్న మాట విన్నాక ఆగే రకాన్ని కాను. ఆ సాయంత్రమే టికెట్టు తీశాను.

రైల్లో చువ్వల కట్ట

ఉత్త చేతులతో వెళితే పండితుడికి శోభ ఉండదని, విజయనగరంలోనే లావు స్పోకులు కొన్నాను. కొట్టువాడు పద్నాలుగో నంబరు స్పోకు ఒకటి చూపించి, మామూలు సైకిళ్ళకి వేసేది ఇదేనన్నాడు. "పదిహేనో నంబరు ఉందా?" అన్నాను. ఉందన్నాడు. కట్టించేశాను. మందుల కొట్టులో ఐదు వందల మాత్ర కంటే ఆరు వందల యాభై మాత్ర పెద్దది. ప్రపంచమంతా ఆ లెక్కనే నడుస్తుందని నా నమ్మకం. చేత్తో పట్టుకుంటే తేడా తెలియదా అని మీరడగొచ్చు. నిపుణులు చేత్తో పట్టుకుని చూడరు, నంబరు చెప్తారు.

రైల్లో నా ఎదురుగా ఒక బెంగాలీ దంపతులు కూర్చున్నారు. వెల్లూరులో వైద్యం చేయించుకుని ఇంటికి వెళుతున్నారు. ఆవిడ నా కట్ట వైపు చాలాసేపు చూసి, ఆ చువ్వల మీద మాంసం కాలుస్తారా అని హిందీలో అడిగింది. నాకు కాస్త చిన్నతనమనిపించింది. చక్రంలో బరువు రిమ్ము మీద కాకుండా స్పోకుల బిగువు మీద ఎలా ఆధారపడుతుందో నాకొచ్చిన హిందీలో ఆవిడకి వివరించాను. ఆవిడ ఓపిగ్గా విని, మరమరాల్లో పచ్చి ఉల్లిపాయా, ఆవనూనే కలిపి నా చేతిలో పెట్టింది. భర్త మాత్రం నా మొదటి వాక్యానికే నిద్రపోయాడు. ఆపరేషనైన తర్వాత ఆయన ఇంత హాయిగా పడుకోవడం ఇదే మొదటిసారని ఆవిడ సంతోషపడింది.

మన వైపు మరమరాల్లో అంత ఆవనూనె పోస్తే ఎవరో పొరపాటున ఒలకబోశారనుకుంటాం. నాలుగు గుప్పిళ్ళు తిన్నాక బాగానే ఉందనిపించింది. ఇంకో నాలుగు తిన్నాను. బరువు తగ్గించే సంగతి తిరుగు ప్రయాణంలో చూసుకోవచ్చనుకున్నాను.

దిగేటప్పుడు నా కట్టలోంచి ఒక స్పోకు జారి, పై బెర్తులో పడుకున్నాయన దుప్పటికి తగులుకుంది. ఆ సంగతి నాకు తెలియదు. నేను నడిచాను, దుప్పటి కూడా నాతో నడిచింది. తలుపు దాకా వచ్చాక వెనక నుంచి "చోర్! చోర్!" అని కేకలు వినబడ్డాయి. దొంగ ఎవరా అని నేనూ అందరితో పాటు చుట్టూ చూశాను.

నిమ్‌పురాలో మధ్యాహ్నం

స్టేషను బయట అక్క నిలబడి ఉంది. "ఏటిరా సూరీ, ఇలగ సిక్కిపోనావు?" అంది. నేను చిక్కిపోయానని అనే మనిషి ఈ భూమ్మీద మా అక్క ఒక్కతే. అందుకే ఆవిడంటే నాకంత ప్రాణం.

వాళ్ళిల్లు నిమ్‌పురాలో, రైల్వే క్వార్టర్లు దాటాక ఒక సందులో ఉంది. ఆ సందులో సగం ఇళ్ళవాళ్ళు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల నాడు వచ్చినవాళ్ళే. యార్డులో బోగీలు గుద్దుకున్న చప్పుడైనప్పుడల్లా నేను ఉలిక్కిపడ్డాను. అక్క గ్లాసులో నీళ్ళు కూడా కదలలేదు. భోజనంలో పప్పుచారు మన పద్ధతిలోనే ఉంది. చేపల వేపుడు మాత్రం ఆవనూనెలో చేసింది. "ఈ నూని లేకపోతే మీ బావ నోట పెట్టుకోరు. ఆయనిప్పుడు సగం బెంగాలీయే" అంది.

బావ వీధరుగు మీద జంట సైకిల్ పక్కనే కూర్చుని ఉన్నాడు. చెయ్యి చాచి నా భుజం తడిమి, పొట్ట దాకా వచ్చి ఆగి, "నువ్వేరా" అన్నాడు. నా కట్ట విప్పి ఆయన చేతిలో పెట్టి, గంభీరంగా "పదిహేనో నంబరు" అన్నాను.

"పద్నాలుగు కంటే ఒకటెక్కువ" అని బావ తల పంకించాడు. రంగుల డబ్బాల సంగతి తప్ప తీగల నంబర్ల సంగతి ఆయనకి పట్టదు. మేమిద్దరం ఎంతో తృప్తిపడ్డాం. ఆదివారం నాడు నేను ముందు, తాను వెనక కూర్చుని హిజ్లీ దాకా వెళతామని అప్పటికే సందంతా చాటించేశాడట. అక్కడ క్యాంపస్ గేటుకి ఇవతల టీ కొట్టు దగ్గర ఆయన పాత స్నేహితులు ఆదివారాల్లో కలుస్తారు. చూపు పోయాక ఆయన వాళ్ళ దగ్గరికి వెళ్ళలేదు.

నేను చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళితే, అక్క వంటింటి గుమ్మంలో ఆపింది.

"సూరీ, నీకు దణ్ణం పెడతాను. ఈ సైకిల్ బాగుపడదని సెప్పీరా."

"ఎందుకక్కా?"

"మొన్న సందు సివర కాలవలో పడిపోనారు. మోకాలు సిట్లిపోయినాది. దేవుడి దయ, అంతటితో పోయినాది. అప్పట్నుంచీ గేటు దాటనియ్యట్లేదు నాను. ఈ సైకిలెక్కి ఏ లారీ కిందో పడితే నానేటైపోవాలి?"

ఏమీ కాదని, నేనుండగా భయం లేదని చెప్పాను. ఆవిడ భయానికి సగం కారణం నేనేనని నాకు తోచలేదు.

ఖరిదా బజారు

మర్నాడు రిమ్ముకి నిప్పళ్ళు, అంటే స్పోకు చివర బిగించే చిన్న మరలు, కొనడానికి నేనూ బావా టోటోలో ఖరిదా వెళ్ళాం. మన ఆటోలకంటే ఈ బ్యాటరీ బండ్లు నయం. చప్పుడు చెయ్యవు, చార్జీ కూడా మన ఊళ్ళో సగం లేదు. నేనెక్కాక డ్రైవరు ఇంకెవరినీ ఎక్కించుకోకుండా బయల్దేరాడు. మర్యాద అనుకున్నాను. టైర్ల కోసమని బావ చెప్పాడు.

సైకిల్ సామాన్ల కొట్టు వెంకటరత్నం గారిది. గోదావరి వైపు మనిషి, పలుకులో ఇంకా ఆ సాగదీత ఉంది. నా స్పోకు ఒకటి తీసి కళ్ళద్దాల దగ్గరగా పెట్టుకుని చూశారు.

"ఇదెవరికండీ? చిన్నపిల్లల సైకిలుకాండీ?"

"కాదండీ, ఇద్దరు పెద్ద మనుషులెక్కే సైకిల్‌కి. పదిహేనో నంబరు కదా, లావుదే."

వెంకటరత్నం గారు మొదట నా ముఖంలోకి చూశారు, తర్వాత నా మిగతా భాగమంతా చూశారు. నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూనే పక్క కొట్టువాణ్ణి పిలిచి చెప్పారు. అతను నవ్వుతూ ఎదుటి కొట్టువాడికి బెంగాలీలో చెప్పాడు. ఆ విధంగా తీగ నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందన్న సత్యం ఖరిదా బజారంతటికీ తెలిశాక చివర్లో నాకు తెలిసింది.

"అయితే పన్నెండూ పదీ లావన్నమాట" అన్నాను, ముందే తెలిసినట్టు.

"ఆఁ. మీకు పదో నంబరేనండీ. రిక్షాలకేసేవాళ్ళం. టోటోలొచ్చాక అడిగిన నాథుడు లేడు" అంటూ ఆయన అటక మీంచి దుమ్ము పట్టిన కట్ట దింపారు. స్పోకు చూస్తే చిన్న సైజు గునపంలా ఉంది. "బరువెంతండీ మీది?"

తొంభై అయిదుంటుందన్నాను. పక్కన బంగాళాదుంపల మండీ ఉంది. మండీ ఆసామి "ఆయియే, ఆయియే" అంటూ కాటా మీంచి బస్తా దింపి, నాకు దారిచ్చాడు. పది మంది చూస్తుంటే కాదనలేక ఎక్కాను. వచ్చిన అంకె ఇక్కడ రాయను. బావ మాత్రం "ఎంత? ఎంతట?" అని అడుగుతూనే ఉన్నాడు. కళ్ళు లేని మనిషికి కూడా కనపడేలా అందరూ ఒక్కసారి గట్టిగా చెప్పారు.

పదో నంబరు కట్ట కొనేశాను. ఎక్కువ లావంటే ఎక్కువ మంచిదని అప్పటికి నా కొత్త సిద్ధాంతం. అటక ఖాళీ అయినందుకు వెంకటరత్నం గారు మట్టి ముంతల్లో టీ తెప్పించి మర్యాద చేశారు.

గోపాల్‌దా డ్రిల్లు

నిమ్‌పురా సందు మొదట్లో గోపాల్‌దా సైకిల్ రిపేరు దుకాణం ఉంది. బెంగాలీ ఆయన, కానీ తెలుగువాళ్ళ మధ్యే పెరగడంతో మూడు భాషలు కలిపి మాట్లాడతాడు. పదో నంబరు స్పోకుని హబ్బు, అంటే చక్రం నడిమధ్య ఉండే ఇరుసు బిళ్ళ, కన్నంలో పెట్టి చూసి, "హోబే నా" అన్నాడు. కుదరదని. ఏ పని తెచ్చినా ఆయన ముందు ఆ మాటే అంటాడని బావ నాకు చెప్పి ఉన్నాడు. పంక్చరుకి కూడా హోబే నా అంటాడట. అందుకని నేను లక్ష్యపెట్టలేదు.

"కన్నం పెద్దది చెయ్యి. డ్రిల్లు లేదా?" అన్నాను.

"ఆఛే, ఉన్నాది. గానీ హబ్బు పగిలిపోతే?"

"పగలదు. స్టీలు." ఇక్కడ నేను లోహాల గుణాల మీద కొంతసేపు మాట్లాడాను. బావ పక్కన స్టూలు మీద కూర్చుని గర్వంగా విన్నాడు.

గోపాల్‌దాకి కూడా కొత్తగా కొన్న డ్రిల్లు వాడాలన్న సరదా ఉన్నట్టుంది. రెండు కన్నాలు బాగానే పడ్డాయి. మూడోదాని దగ్గర టక్కుమని చప్పుడైంది. హబ్బు అంచు రెండు కన్నాల మధ్య చీలిపోయింది. డ్రిల్లు ముక్క ఎగిరి టీ గిన్నెలో పడింది.

గోపాల్‌దా తాపీగా డ్రిల్లు కింద పెట్టాడు. "నువ్వు సెప్పినావు, నేను సేసినాను. అబ్ కీ కొర్బో?" అన్నాడు, ఇప్పుడేం చెయ్యాలని.

"ఏటైనాది?" అన్నాడు బావ. ఆయన చెయ్యి చాచాడు. హబ్బు ఆయన చేతిలో పెట్టాను. చీలిక మీద బొటనవేలితో రెండు సార్లు రాసి, తిరిగి నాకిచ్చేశాడు.

"ఒగ్గీద్దాంలే సూరీ. మీ అక్కకి ఎలాగూ ఇష్టం లేదు" అన్నాడు.

నా మోచెయ్యి పట్టుకుని ఇంటికి నడిచాడు. నేరుగా వెళ్ళి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అన్నం తినమంటే తర్వాతన్నాడు. నాకు మొట్టమొదటిసారి, ఎవరికీ చెప్పడానికి ఒక్క ముక్క కూడా మిగల్లేదు. అరుగు మీద కూర్చుని, పగిలిన హబ్బునీ, నా రెండు కట్టలనీ చూసుకున్నాను. సాయానికని వచ్చి, ఉన్న కాస్త ఆశనీ డ్రిల్లు పెట్టి చీల్చేశాను. తిరుగు టికెట్టు ముందుకి జరపొచ్చేమో అని కూడా ఆలోచించాను.

మళ్ళీ ఖరిదా, ఈసారి అక్కతో

తెల్లారి లేచేసరికి అక్క చీర మార్చుకుని, సంచీతో గుమ్మంలో నిలబడి ఉంది.

"లే. ఖరిదా ఎల్దాం."

"ఎందుకక్కా?"

"ఎందుకేటి? ఆ పగిలింది మార్చొద్దా?"

"నువ్వే కదా వద్దన్నావు."

"అన్నాను. ఆయనా 'సర్లే' అనీసినారు. రాత్రి అన్నం తినకుండా పడుకుని, పొద్దున లేసి మళ్ళీ 'సర్లే' అన్నారు. ఆ మాట ఇంకోసారి వినలేను నాను. పడితే పడతారు. పద."

అక్క రిటైరయ్యే దాకా రైల్వే కాలనీ స్కూల్లో పిల్లలకి పాఠం చెప్పింది. వెంకటరత్నం గారి కొట్టులో కూడా అలాగే నిలబడింది. నేను పన్నెండో నంబరు గొప్పతనం గురించి నోరు తెరవబోతే, "నువ్వు కాసేపు ఆ బల్ల మీద కూసో" అంది. కొట్టులో ఉన్న హబ్బులన్నీ వరసగా పెట్టించింది. ఒక్కో రకం స్పోకు తీసి, ఒక్కో హబ్బు కన్నంలో దూర్చి చూసింది. కొన్ని వదులుగా ఆడాయి. కొన్ని దూరలేదు.

"ఏం చూస్తున్నావక్కా?" అన్నాను బల్ల మీంచి.

"సెవి కన్నానికి తగ్గ కమ్మ కొంటాం గానీ, కమ్మకి తగ్గట్టు సెవి కోసుకుంటామేటిరా?"

వెంకటరత్నం గారు నా వైపు చూసి దగ్గారు. చివరికి పదమూడో నంబరు స్పోకు ఒక హబ్బులో బిగువుగా, ఊగకుండా కూర్చుంది. మామూలుదానికంటే కాస్త లావు, రిక్షాదానికంటే బాగా సన్నం. దాని నిప్పళ్ళు మా రిమ్ముకి సరిపోయాయో లేదో కూడా అక్క వెంట తెచ్చిన రిమ్ములో పెట్టి చూసుకుంది. పదో నంబరు కట్ట వెనక్కి తీసుకోమని వెంకటరత్నం గారిని అడిగితే, ఆయనకి హఠాత్తుగా చెవులు వినిపించడం మానేశాయి. ఆ కట్ట ఇప్పుడు మా ఇంట్లో గులాబీ మొక్కలకి ఊతంగా ఉంది.

వచ్చే దారిలో అక్క నాకు వేడి వేడి పూరీలూ, శనగల కూరా తినిపించింది. అక్కడ లూచీ అంటారు, తెల్లగా మైదాతో చేస్తారు. మన పూరీ కంటే మెత్తగా ఉంటుంది కాబట్టి ఎన్ని తిన్నామో తెలియదు. అక్కకి తెలిసింది, కానీ ఏమీ అనలేదు.

ఆ మధ్యాహ్నం గోపాల్‌దా ఒకసారి హోబే నా అనేసి, పనిలోకి దిగాడు. బావని మంచం మీంచి లేపి తీసుకొచ్చాం. స్పోకులు ఒక్కొక్కటే అందించే పని ఆయనకిచ్చాం. అందిస్తూ అందిస్తూ, వర్క్‌షాపులో ఒకసారి ఒకే నంబరు రెండు బోగీల మీద రాసేసిన కథ చెప్పాడు. గోపాల్‌దా నవ్వులో పడి స్పోకులు అల్లేశాడు. చక్రం తయారై, బెండు తీసి, టైరెక్కించాక చూస్తే గాలి కొట్టే వాల్వు సరిగ్గా రెండు స్పోకులు దగ్గరగా కలిసే చోటికి వచ్చి ఇరుక్కుంది. పంపు మూతి దూరే సందు లేదు. గోపాల్‌దా బావ వల్ల అన్నాడు, బావ గోపాల్‌దా వల్ల అన్నాడు. ఇద్దరూ కలిసి, పక్కన ఊరికే కూర్చున్న నా వల్ల అన్నారు. మొత్తం విప్పి మళ్ళీ అల్లారు. ఈసారి బావ కథ చెప్పనన్నాడు, గోపాల్‌దానే బతిమాలి చెప్పించుకున్నాడు. అయినా చక్రం సరిగ్గానే వచ్చింది.

సందులో పరీక్ష

హిజ్లీ వెళ్ళే ముందు సందులోనే ఒకసారి తొక్కి చూద్దామన్నాను. సందు జనమంతా గుమ్మాల్లోకి వచ్చారు. నేను ముందు ఎక్కాను, బావ వెనక ఎక్కాడు. చక్రం కిక్కురుమనలేదు. నా గుండె గర్వంతో నిండింది.

జంట సైకిల్ గురించి వీడియోల్లో సరిగ్గా చెప్పని సంగతి ఒకటుంది. అది మలుపు తిరగడానికి మామూలు సైకిల్‌కంటే చాలా ఎక్కువ చోటు తీసుకుంటుంది. సందు చివర నేను హాండిల్ తిప్పాను. ముందు చక్రం తిరిగింది. మిగతా సైకిలూ, బావా, ఇంకా తిన్నగానే వెళ్ళాలని చూశారు. ఒకరింటి ముందు ఇసక కుప్ప ఉంది. మేం చాలా నెమ్మదిగా, ఎవరికైనా చెప్పుకోవడానికి కూడా సరిపోనంత నెమ్మదిగా, అందులోకి ఒరిగిపోయాం. నేను కింద, బావ నా మీద.

ఇసకలోంచి బావ గొంతు వినిపించింది. "సూరీ, నీకు కళ్ళున్నాయి కదరా!"

సందంతా నవ్వింది. అక్క నవ్వలేదు. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని విసవిసా వచ్చి, బావని లేపి, ఒంటి మీద ఇసక దులిపి, దెబ్బలేమీ తగల్లేదని చూసుకుని, నా వైపు తిరిగింది.

"హాండిల్ ఒగ్గు."

"అక్కా, ఇది మామూలు సైకిల్ కాదు. దీని బాలెన్సు..."

"ఒగ్గమన్నానా. ఇరవై ఏళ్ళు సైకిల్ మీదే స్కూలుకెల్లినాను నాను. వర్షంలో, ఎండలో, ఎనకాల ఒక సంచీ పుస్తకాలెట్టుకుని. ఈయనా ఒక సంచీయే."

బావ ముఖం ఆవిడ గొంతు వైపు తిరిగింది. "నువ్వా?" అన్నాడు.

"నానే. కాలు పెడల్ మీద పెట్టండి. నాను సెప్పేదాకా తొక్కకండి."

మొదటిసారి తడబడ్డారు. రెండోసారి సందు చివరి దాకా వెళ్ళి, దిగి, సైకిల్ని చేత్తో తిప్పుకుని, మళ్ళీ ఎక్కి వచ్చారు. దిగి తిప్పుకోవచ్చన్న సంగతి నాకు తట్టనే లేదు. గోపాల్‌దా వంగి చక్రం చూసి, నన్ను చూసి, మళ్ళీ చక్రం చూశాడు. "దాదా, వీళ్ళిద్దరికైతే మామూలు స్పోకు కూడా హోబే."

అప్పుడర్థమైంది. రెండు సార్లు బజారుకి తిరిగి, ఒక హబ్బు పగలగొట్టి, కష్టపడి ఎంపిక చేసిన ఆ లావు స్పోకులు అవసరమైంది ఆ ఇంట్లో నాకొక్కడికే.

హిజ్లీ దారి

ఆదివారం ఉదయం వాళ్ళు ముందు బయల్దేరారు. నేను వెనక టోటోలో వెళ్ళాను, ఒళ్ళో పంపూ, పంక్చరు సామానూ, అయోడిన్ సీసా, కట్టు గుడ్డా పెట్టుకుని. దారిలో రైలు గేటు పడింది. వాళ్ళు దాటేశారు, నేను ఆగిపోయాను. ఎంత పొడుగు గూడ్సో, దానికి అంతే లేదు.

క్యాంపస్ గేటు ఇవతల టీ కొట్టు దగ్గరికి వెళితే వాళ్ళు లేరు. బావ స్నేహితులు బల్లల మీద కూర్చుని ఉన్నారు గానీ, ఎవరూ చూడలేదన్నారు. కొత్త చక్రం ఎక్కడ విరిగిందో, ఏ కాలవలో ఉన్నారో అనుకున్నాను. టోటో వెనక్కి తిప్పించి, దారిలో కనపడ్డవాళ్ళనల్లా రెండు సీట్ల సైకిల్ గురించి అడిగాను. బజ్జీల కొట్టు దీదీ నవ్వుతూ చెట్ల కిందికి పోయే పక్క దారి చూపించింది.

ఆ దారిలో కొంత దూరం వెళ్ళేసరికి ముందు అక్క గొంతు వినిపించింది. సైకిల్ చెట్టుకి ఆనించి ఉంది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. అక్క అరుస్తోంది.

"తొక్కట్లేదు సూరీ ఈయన! ఎనక కూసుని ఊరికే కాళ్ళు తిప్పుతున్నారు. బరువంతా నానే లాగుతున్నాను!"

"నానా తొక్కనిది? ఎడం పక్కకి తిప్పు, ఇది దగ్గర దారి అని సెప్పింది నానేనా కాదా?"

"దగ్గర దారట! సూడండి, గోడ వొచ్చీసినాది!"

"గోడెప్పుడు కట్టినారో నాకేటి తెలుస్తాది? కళ్ళున్నోళ్ళు సూసుకోవాల!"

"ముప్పై ఏళ్ళుగా మీరు సెప్పిన దారినే నడిసినాను, అన్నీ గోడలే!"

నేను మధ్యలోకి వెళ్ళబోయాను. బావ నా అడుగుల చప్పుడు విని, చెయ్యెత్తి ఆపాడు. ఆయన ముఖమంతా నవ్వు.

"ఆగరా. తిట్టనీ. సూపు పోయిన కాడ్నుంచీ మీ అక్క నన్నొక్క మాటనలేదు. ఆస్పత్రిలో రోగితో మాట్లాడినట్టు, మెల్లగా, 'అలగే, అలగే' అంటన్నాది. ఒక్కోపాలి నాను సచ్చిపోనానేటో, నాకే సెప్పట్లేదేటో అనుకునేవోణ్ణి."

అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమటే అనుకుంటాను. అంత మెల్లగా మాట్లాడుకునే ఆ ఇంట్లో నేను ఇన్నాళ్ళూ ఉండి, ఆ సంగతి కనిపెట్టలేదు. నాకు కనపడినవి స్పోకులే.

"మీరు కూడా 'సర్లే' అనడం మానీయండి ముందు" అంది అక్క.

"సరే" అన్నాడు బావ.

వెనక్కి తిరిగి టీ కొట్టుకి వచ్చాం. బావ దిగగానే స్నేహితులంతా లేచి చుట్టూ మూగారు. బెంగాలీలోనూ, తెలుగులోనూ ఒకేసారి తిట్టారు, ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావని. ఆయన్ని బల్ల మధ్యలో కూర్చోబెట్టి, ముంత చేతికిచ్చి, రెండు పక్కలా ఇరుక్కుని కూర్చున్నారు. అక్కకి ఒక కుర్చీ వేశారు. నాకు కుర్చీ వెయ్యబోయి, కుర్చీని ఒకసారి ఊపి చూసి, బల్ల చూపించారు.

కాసేపటికి అక్క నా చేతికి ఇంటి తాళం ఇచ్చింది. "నువ్వు ముందెల్లిపోరా. మేం బజారు మీంచి కూరలు పట్టుకునొస్తాం."

ఇంటికొచ్చి, తాళం తీసి, మళ్ళీ వీధిలోకి వచ్చి నిలబడ్డాను. ఎండెక్కింది, ఆకలేసింది. వాళ్ళు రాలేదు. ఎదురింటివాళ్ళు రెండు సార్లు అన్నానికి పిలిచారు. మూడోసారి కాదనే ఓపిక లేక వెళ్ళబోతుంటే, సందు మొదట్లో గంట మోగింది. హాండిల్‌కి ఒక పక్క కాబేజీ, ఒక పక్క చేపల సంచీ వేలాడుతున్నాయి. చేప తాజాదా కాదా అని ఇద్దరూ అరుచుకుంటూ వస్తున్నారు. బావ వెనక కూర్చుని, నిజంగానే తొక్కుతున్నాడు.

నేను పరుగెత్తి గేటు బార్లా తీసి, పక్కకి తప్పుకున్నాను. తగినంత తప్పుకోలేదు. ఆగమని చెప్పడానికి నోరు తెరిచేలోగా వాళ్ళు లోపలికి వచ్చేశారు. ముందు చక్రం నా చెప్పు పక్కనుంచి పోయింది. వెనక చక్రం, బావ బరువుతో సహా, నా కుడి కాలి బొటనవేలి మీదుగా వెళ్ళింది.

బావ దిగి, వంగి, చక్రం అంతా తడిమి చూశాడు. ఒక్క స్పోకు కూడా కదల్లేదన్నాడు. నా గోరు మాత్రం ఇప్పుడిప్పుడే వస్తోంది.